సైన్యమున ఏ శాఖ? పదవ తరగతినాడే యోచింపవలెను

సంపాదకవర్యులకు,

వేకువజామున మా చేగుంటలో రహదారి వెంబడి నడచువారికి, సెల్‌ఫోనులో కాలము చూచుకొనుచు, సైనికభర్తీకై 1,600 మీటర్ల పరుగు సాధన చేయు యువకులు కనబడుచుందురు. ఇంటర్మీడియట్ ముగించిన వారిలో నొకనిని ‘ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా?’ యని యడుగగా, ‘ఏ నోటిఫికేషన్ ముందు పడితే గదే సార్’ అని బదులిచ్చెను. ఆ యుత్సాహము శ్లాఘనీయమే గాని, ముందు వచ్చినదాని నందుకొనుట యెన్నిక కానేరదని నా మనవి.

పూర్వము సిపాయిగా జేరినవాడు పదునేనేండ్లకు తక్కువ గాక కొలువుచేసి పింఛనుతో నిల్లు చేరువాడు గనుక, ఏ శాఖయైనను బ్రదుకునకు లోటుండెడిది కాదు. 2022 జూన్ 14న ప్రకటితమైన అగ్నిపథ్ పథకముతో ఆ లెక్క తారుమారైనది. నాలుగేండ్లు నిండిన పిమ్మట, ఆ పథకమున జేరిన అగ్నివీరులలో నూటికి ఇరువదియైదుగురికి మించి కొలువు నిలువదు. తక్కినవారు, పథకప్రకటన ననుసరించి వడ్డీతో గూడి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకయే, పాతికేండ్లకు అటునిటైన ప్రాయమున స్వగ్రామము చేరుదురు. ఆ సొమ్ము చెల్లెలి పెండ్లికో, బోరుబావికో, పాత అప్పునకో కరగిపోవునని మా ప్రాంతపు రైతుబిడ్డలకు వేరుగా జెప్పనక్కరలేదు. కరగనిది చేతికబ్బిన విద్య యొక్కటే. కావున శాఖను గోరువాడు మొదట విచారింపవలసినది, నాలుగేండ్ల పిదప తనతో నింటికి వచ్చు పనితన మేది యన్నదియే.

అట్టి పనితనము నేర్పు తావులు లేకపోలేదు. వాహనములను ఆయుధములను బాగుచేయు విద్యకు సికింద్రాబాదులోనే ఈ.ఎం.ఇ. కేంద్రమున్నది, నావికులకు ఒడిశాలోని చిల్కా తీరమున శిక్షణ గలదు. అయితే సైన్యమందలి టెక్నికల్ విభాగమునకును, నౌకాదళపు ఎస్.ఎస్.ఆర్. కొలువునకును ఇంటర్మీడియట్ మీదుగా వచ్చువారు గణిత భౌతికశాస్త్రములు చదివియుండుట విధి. వాయుసేన అగ్నివీరులలో ఇతర గ్రూపులవారికిని చోటు కల్పించినను, అధికారులను తీర్చిదిద్దు ఎన్.డి.ఎ.లో మాత్రము సి.ఇ.సి. చదివినవానికి భూసేన తప్ప, నౌకా వాయు విభాగములు రెండును మూసినతలుపులే. 2022 మొదలు ఆ విద్యాలయమున ప్రవేశించుచున్న బాలికలకును ఈ నియమమే వర్తించును. అనగా శాఖానిర్ణయము ఇంటరు పిదపటి పని గాదు, పదవ తరగతి ముగిసిన వేసవి పని.

దేశసేవకు బోవువాడు తన లాభము లెక్కింపవచ్చునా యని కొందరాక్షేపింపవచ్చును. కాని ఇంజను విప్పి బిగించు సైనికుడు తుపాకి బూనినవానికంటె తక్కువ దేశభక్తుడు గాడు. పదాతిదళమును దెలిసి కోరినవానికి నా నమస్కారము. 2020 జూన్‌లో గల్వాన్ లోయయందు నేలకొరగిన సూర్యాపేట వీరుడు కర్నల్ సంతోష్‌బాబు, బాల్యముననే కోరుకొండ సైనికపాఠశాల జేరి, ఎన్.డి.ఎ. మీదుగా పదాతి పటాలమునకు నాయకుడైనవాడు. ఆయన మార్గము చిన్ననాడే యేర్పడినది; నోటిఫికేషను రాకకై వేచియున్నది గాదు.

కావున ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు పదవ తరగతి విద్యార్థులకు ఏ గ్రూపు ఏ సేనకు దారితీయునో పరీక్షలకు ముందే తెలియజెప్పవలెననియు, మీ పత్రికయు భర్తీప్రకటనల వేళనే గాక, కళాశాలలలో ప్రవేశములు జరుగు దినములలో ఈ యర్హతల పట్టికను ప్రచురింపవలెననియు ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చేగుంట, మెదక్ జిల్లా.