తిరునాళ్లు నిలిచినవి, కథయు నిలువవలెను

కార్తిక అమావాస్యనాడు రాచగావుతో నారంభమై, రాయబారము, మందపోరు, కోడిపోరు అను ఘట్టములను దాటి, ఐదవనాడు కల్లిపాడుతో ముగియు పల్నాటి వీరుల తిరునాళ్లలో కారంపూడి గ్రామము, నాగులేటి యొడ్డు, పన్నెండవ శతాబ్దపు రణభూమిగా మారిపోవును. వీరాచారవంతులు తమ యిండ్లలో తరతరములుగా పూజించుచున్న కొణతములను, అనగా వీరుల ఆయుధములను, భుజములపై నెత్తుకొని వచ్చి, నాగులేట స్నానము చేయించి, వీరుల గుడికి చేర్చుట చూచినవారెవ్వరును పల్నాడు తన గతమును మఱచినదని యనజాలరు. అయినను, ఉత్సవము నిలిచినంతమాత్రమున వారసత్వము నిలిచినట్లు కాదు. ఆ ఉత్సవమునకు ప్రాణమిచ్చునది కథ; ఆ కథను నోట నిలుపుకొన్నవారు వీరవిద్యావంతులు. వారి విద్య వారితోనే యంతరింపకుండ కాపాడుట నేడు పల్నాటివారి ప్రథమ కర్తవ్యము.

కథ తెలియని తెలుగువారు అరుదు. నలగాముడు గురజాలను, మలిదేవుడు మాచర్లను ఏలుచుండగా, నలగాముని పక్షమున నున్న నాయకురాలు నాగమ్మకును మలిదేవుని పక్షమున నున్న బ్రహ్మనాయునికిని పొడమిన వైరము కోడిపందెముతో ముదిరి, ఓడిన పక్షమువారిని అరణ్యముల పాలు చేసినది. గడువు తీరిన పిమ్మట రాజ్యభాగ మడుగబోయిన అలరాజు రాయబారము ఆతని మరణముతో ముగిసినది. కారంపూడి కదనమున బాలచంద్రుడు మొదలుగాగల యోధులు నేలకొరిగిరి. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించి పండితలోకము దృష్టికి దెచ్చిరి. 1947 నాటి చలనచిత్రము కన్నాంబను నాగమ్మగా జూపి కథను ఊరూరికి చేర్చినది. కాని ద్విపదలో బాలచంద్రుని యుద్ధమే ప్రధానము. చలనచిత్రమున నిమిడినది మఱింత స్వల్పము. పుట్టుపూర్వోత్తరములతో, శాఖోపశాఖలతో, దేవతల వరశాపములతో కూడిన సమగ్ర కథ పంబజోడు మ్రోగుచుండగా కత్తి చేబట్టి రాత్రుల తరబడి పాడు గాయకుని కంఠముననే యున్నది. జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు 1970 దశకమున పల్నాటికి వచ్చి, ఆ గానమును ఓపికతో ఆసాంతము విని, యంత్రముపై నెక్కించుకొని, ఆంగ్లమున ననువదించి 1982లో గ్రంథముగా వెలువరించెను. దూరదేశీయుడు చూపిన ఆ శ్రద్ధ, కథ పుట్టిన గడ్డపై నున్న మనకు లేకపోవుట న్యాయము కాదు.

ఈ సందర్భమున ఉత్తర అమెరికాలోని అకేడియను ప్రజల చరిత్ర మనము తెలిసికొనదగినది. పదునేడవ శతాబ్దారంభమున ఫ్రాన్సు నుండి వలస వచ్చి, నేటి కెనడా తూర్పుతీరమున సముద్రపు ఆటుపోట్లకు కట్టలు గట్టి, ఉప్పునేలలను పంటభూములుగా మార్చుకొన్న ఆ రైతులు, బ్రిటిషు రాజునకు షరతులు లేని విధేయతాప్రమాణము చేయ నిరాకరించినందున, 1755 మొదలు కొన్నియేండ్లపాటు ఓడల కెక్కింపబడి వెడలగొట్టబడిరి. పదివేలకు పైగా జనులు చెల్లాచెదరైరి. ఎందఱో త్రోవలోనే మరణించిరి. కొందఱు లూసియానా చేరి కేజనులను పేర స్థిరపడిరి. దేశము పోయినను వారి పాటలు, ప్రార్థనలు, వంశకథలు పోలేదు. అయితే వారు జ్ఞాపకమును కేవలము అభిమానమునకు విడిచిపెట్టలేదు. 1881లో మెమ్రామ్‌కుక్‌లో మహాసభ జరిపి ఆగస్టు 15ను జాతీయ దినముగా నిర్ణయించుకొనిరి. 1884లో పతాకమును, గీతమును ఏర్పఱచుకొనిరి. 1963లో మాంక్టన్ నగరమున తమ భాషలో విద్య గఱపు విశ్వవిద్యాలయమును సాధించుకొనిరి. వారు వెళ్లగొట్టబడిన గ్రాన్‌ప్రే ప్రాంతము 2012లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. పాట వారిని బ్రతికించినది. ఆ పాటను సంస్థలు బ్రతికించినవి. మనకు మొదటిది కలదు, రెండవది చాలదు.

కొందఱు విజ్ఞులు ఇట్లందురు: ‘ఇది పగల కథ, పక్షములుగా జీలి నెత్తురు చిందించు దురలవాటు పల్నాటిలో ఈ కాలమునను గలదు, అట్టి కథను ప్రభుత్వధనముతో పోషించుట మేలా?’ ఇది త్రోసిపుచ్చదగిన సందేహము కాదు. కాని వారి భయమునకు కారణము కథ కాదు, కథలోని తునుక. మీసము మెలివేసిన వీరుని బొమ్మను, రెండు పౌరుషపు మాటలను విడదీసి గోడల కెక్కించినపుడు అది కులగర్వమునకు ఆయుధమగును. ఆసాంతము విన్నవారికో, అది గెలుపు లేని యుద్ధము: తండ్రులు కొడుకులను పోగొట్టుకొందురు, కోడండ్రు సహగమనము చేయుదురు, మిగిలిన బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించును. పంతము ఎంత చిన్న కారణమున మొదలై ఎంత దూరము పోవునో ఇంతకంటె స్పష్టముగా చెప్పు గ్రంథము మన నేలపై వేఱొకటి లేదు. పల్నాటి పగలకు మందు పల్నాటి కథలోనే యున్నది. దానిని పూర్తిగా వినిపించుట మన పని.

ఇంకొక విశేషము గలదు. మాచర్ల చెన్నకేశవుని సన్నిధిని బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెననియు, మాలకులమున జనించిన కన్నమదాసును పుత్రునివలె ఆదరించి సేనానిని జేసెననియు కథ చెప్పుచున్నది. ఆ చాపకూటిని మందపోరునాడు కారంపూడిలో నేటికిని పెట్టుచున్నారు. ఈ కథను తరతరములుగా మోసినవారు అధికముగా దళిత కుటుంబములవారే. సమతను కీర్తించు కథను విని పొంగి, దానిని పాడినవారి జీవనమును పట్టించుకొనకుండుట చాపకూటి ధర్మమునకే విరుద్ధము. పూటకూలికి పోవలసిన యింట పిల్లలు సంవత్సరముల తరబడి కంఠస్థము చేయవలసిన విద్యను ఏ ధైర్యముతో నేర్చుకొందురు?

కావున చేయవలసిన పనులు స్పష్టములు. ఇప్పుడున్న వీరవిద్యావంతులందఱి గానమును, ఊరూరి పాఠభేదములతో సహా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము వంటి సంస్థ తెలుగుననే సమగ్రముగా రికార్డు చేయవలెను. ఆ సంపదపై తొలి హక్కు గాయకులదే కావలెను. గురువునకు నెలసరి వేతనమును, ఆయన వద్ద నేర్చుకొను శిష్యులకు ఉపకారవేతనమును ప్రభుత్వము ఈయవలెను. సన్మానసభలో కప్పు శాలువ ఆకలి తీర్పదు. తిరునాళ్ల రాత్రులయందు లౌడుస్పీకర్ల హోరు తగ్గించి, కథాగానమునకు వేళయు వేదికయు ప్రత్యేకింపవలెను. 2022లో పల్నాటి పేరుతోనే జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి కేంద్రమైనది గనుక, జిల్లాలోని ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థులును ఏడాదికొక్కమారైనను ఈ గానమును ఎదుట కూర్చుండి వినునట్లు జిల్లా యంత్రాంగము ఏర్పాటు చేయవలెను. వీనిలో ఏదియు కోట్లతో గూడిన పని కాదు. పేరు పెట్టుకొన్న జిల్లా ఆ పేరునకు అర్థమిచ్చిన కథను, ఆ కథకు కంఠమిచ్చిన మనుష్యులను పోషించుట దానము గాదు, చెల్లింపవలసిన ఋణము. రానున్న కార్తికమునకు ముందే దాని తొలి వాయిదాను చెల్లింపవలసినవారు మనమే.