అశ్వపతుల ధర్మము

సికింద్రాబాదు గుఱ్ఱముతో పాటు పెరిగిన పట్టణము. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ దండు ప్రదేశమును ప్రజలు లష్కరనియే వ్యవహరించుచు వచ్చిరి. బొల్లారములోని రిసాలా బజారు నేటికిని ఆ పేరుతోనే యున్నది. రిసాలా యనగా గుఱ్ఱపుదళము. నిజాము రాజ్యపు సేనలనుండి పుట్టి పెరిగిన డెక్కన్ హార్సు దళము 1916 జూలై 14వ తేదీన ఫ్రాన్సు దేశములోని సొమ్ రణరంగమున బల్లెములు చేబూని శత్రువులపై దూకినది. హైదరాబాదు లాన్సర్లు ఆ మహాసంగ్రామమందే పశ్చిమాసియా ఎడారులలో పోరాడిరి. అది పరాయి ప్రభుత్వము కొఱకు జరిగిన యుద్ధమే యైనను, అందు ప్రాణములొడ్డిన మనవారి స్మృతి గౌరవార్హమే. ఢిల్లీ నగరమున తీన్‌మూర్తి కూడలిలో హైదరాబాదు, జోధపురము, మైసూరు రౌతుల కంచు విగ్రహములు మూడు నిలిచియున్నవి. రౌతులు కలరు, వారిని మోసిన గుఱ్ఱములు మాత్రము అచ్చట లేవు. గుఱ్ఱమునెడ మన లోకపు తీరు ఇట్టిదే. పని జరుగునంతవఱకు దానిని మెచ్చుకొందుము. పని తీరినపిదప అది ఏమైనదో విచారింపము.

నేడు యుద్ధము గుఱ్ఱమును విడిచినది. డెక్కన్ హార్సు యుద్ధశకటముల దళమైనది. ఒకనాడు స్టేషను ముంగిట బారులుతీరిన టాంగాలు ఆటోలకు తావిచ్చి తప్పుకొన్నవి. 2012 నాటి పశుగణనలో దేశమున ఆఱు లక్షల పైచిలుకుగా నున్న గుఱ్ఱములు, తట్టువలు 2019 నాటికి మూడు లక్షల నలుబదివేలకు దిగినవి. జంట నగరములలో మిగిలిన గుఱ్ఱములకు ప్రధానముగా నాలుగు పనులు కలవు: మలక్‌పేట పందెములు, పెండ్లి ఊరేగింపులు, స్వారీ నేర్పు శాలలు, బిడ్డలను ఎక్కించి త్రిప్పు వినోదము. సంఖ్య తగ్గినపుడు పోషణ మెఱుగుపడవలెనని యెవరైనను తలతురు. పందెపుశాలల లోపల దాణాకును వైద్యమునకును లోటు లేకపోవచ్చును. కాని ఆ గోడల వెలుపల మనకు కానవచ్చునది వేఱు.

ముహూర్తముల కాలమున ఏ వీధినైనను చూడుడు. రంగురంగుల దీపముల నడుమ, విద్యుద్యంత్రముల హోరులో, బాజాల మ్రోతలో, చెవులప్రక్కనే ప్రేలు టపాసుల నడుమ ఒక తెల్లని ఆడుగుఱ్ఱము గంటల తరబడి నిలువబడియుండును. పైన జలతారు, దాని క్రింద జీను ఒరసి పడిన పుండు. నోట బిగించిన కళ్ళెము. ఒక పెండ్లి ముగిసినపిదప మఱియొక పెండ్లికి తారురోడ్డుపై నడక. ఈ నడుమ నీళ్ళు త్రాగించినవా రెవరు? వరుని బంధువులు ఫలాహారములు, పానీయములు పంచుకొందురు. వరుని మోయు జీవమునకు ఒక బక్కెట నీరు పెట్టుడని చెప్పువాడు అరుదు. ఇక మూఢములు వచ్చి పెండ్లిండ్లు నిలిచిన నెలలలో దాని గతి యేమి? కొందఱు యజమానులు దానిని రోడ్లపైకి వదలుదురు. అది చెత్తకుండీల కడ మనము పాఱవేసిన కాగితములను, పాసిపోయిన అన్నమును తిని కాలక్షేపము చేయును. గిట్టలు పెరిగి, పగిలి, నడక కుంటువడినను, ముందుకాళ్ళకు బంధము మాత్రము తప్పదు.

గుఱ్ఱము దృఢమైన జంతువని లోకుల నమ్మకము. దాని పరుగు దృఢమైనదే కాని దాని శరీరము మిక్కిలి సుకుమారమైనది. దాని దేహమునకు జీర్ణకోశము చిన్నది. కావున కొంచెము కొంచెముగా దినమంతయు గడ్డి మేయుచుండుట దాని స్వభావము. ప్రొద్దంతయు పస్తుంచి రాత్రి ఒక్కమాఱుగా ఉలవలు పోసినచో కడుపుశూల పట్టును. గుఱ్ఱమునకు వాంతి చేసికొను శక్తి లేదు; లోనికి పోయిన చెడుగు వెలికి రాదు. అందువలన ఆ శూలయే పెక్కు గుఱ్ఱముల ప్రాణము తీయుచున్నది. దినమునకు పాతిక ముప్పది లీటర్ల నీరు దానికి సామాన్యముగా కావలెను. మన వేసవిలో, పని చేయుదినములలో, ఇంకను ఎక్కువ. గిట్ట మనుష్యుని గోరువలె పెరుగునది గనుక ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకతూరి నాల్‌బందు చేత చెక్కించి లాడములు సరిచేయింపవలెను. దంతములు అరుగుచు పెరుగుచుండును. వాని మొనలు వాడియైనచో బుగ్గలు చీరి మేత నమలలేక చిక్కిపోవును. చిన్న గాయమైనను ధనుర్వాతమునకు దారితీయును గనుక టీకా తప్పదు. నిలుచుండి కునుకుతీయుననుట నిజమే కాని, గాఢనిద్రకు అది నేలపై పండుకొనవలెను. అందులకు పొడినేలయు, భయములేని చోటును కావలెను. మందలో బ్రదుకు జంతువగుటచే ఒంటరితనము దానికి శిక్ష. ఇవియేవియు సంపన్నుల ముచ్చటలు కావు. గుఱ్ఱము గుఱ్ఱముగా బ్రదుకుటకు చాలిన కనీసము.

ఇది పరదేశమునుండి దిగుమతియైన విజ్ఞానమని యెవరును తలపగూడదు. శాలిహోత్రుని పేర అశ్వవైద్యము మన దేశమున ఒక శాస్త్రముగా వెలసినది. విరాటుని కొలువున మాద్రీకుమారుడైన నకులుడు, తిక్కన తెలుగులో దామగ్రంథియై, గుఱ్ఱముల పాలనకు కుదిరినాడు. రాజపుత్రునికి అది చిన్నతనమని కవి తలపలేదు. సైంధవవధ నాడు ప్రొద్దు గ్రుంకకమునుపే ప్రతిజ్ఞ తీర్పవలసిన తొందరలో సైతము, రణమధ్యమున రథము నిలిపి, అశ్వములను విప్పి, నీరు త్రాగించి, బాణములు పెఱికి, ఒడలు నిమిరినవాడు శ్రీకృష్ణుడు. లోకరక్షకునికి యుద్ధభూమిలో దొరకిన తీరిక మనకు పెండ్లివీధిలో దొరకకపోవుట యేమి చిత్రము! కౌటిల్యుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షునికొక ప్రకరణమే కేటాయించి, గుఱ్ఱముల పట్టిక, మేతకొలతలు నిర్ణయించుటయే గాక, చికిత్సలో అశ్రద్ధవలన రోగము ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండము విధించెను.

శాస్త్రముండియు ఆచరణ లేనిచో ఏమగునో మార్కోపోలో వ్రాతలు చెప్పుచున్నవి. పదుమూడవ శతాబ్ది చివర దక్షిణ తీరమును చూచిన ఆ వెనీసు యాత్రికుడు, పాండ్యదేశపు ప్రభువులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను అరబ్బు దేశములనుండి కొనుచుండిరనియు, సరియైన పోషణ తెలిసినవారు లేక సంవత్సరము తిరుగునప్పటికి వానిలో మిగులునవి స్వల్పమనియు వ్రాసెను. అంకెలలో అతిశయోక్తి యుండవచ్చును. ఆక్షేపణలోని సారము నేటికిని వర్తించుచున్నది. కొనుటకు ధనమున్నది, పోషించుటకు ఓపిక లేదు.

స్వతంత్ర భారతము ఈ విషయమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభ యెదుట పెట్టిన ప్రతిపాదన ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము పుట్టి, 1890 నాటి పరప్రభుత్వపు చట్టమును తొలగించినది. జంతువును తన అధీనమున నుంచుకొనిన ప్రతివాడును దాని క్షేమమునకు తగిన చర్యలు తీసికొనుట అతని విధియని ఆ చట్టము చాటినది. మేత, నీరు, నీడ కల్పింపని యజమాని అపరాధి. జబ్బుపడినదానిచేత పని చేయించుట, నిష్కారణముగా విడిచిపెట్టుట అపరాధములే. 1965 నాటి నియమములు ఇంకను స్పష్టముగా నున్నవి: దినమునకు తొమ్మిది గంటలకు మించి పని కూడదు, విరామము లేక అయిదు గంటలకు మించి పని కూడదు, ఎండ 37 డిగ్రీలు దాటినచోట మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవఱకు పని కూడదు, ముండ్ల కళ్ళెము కూడదు. 1976లో ప్రాణిదయ రాజ్యాంగమందు పౌరుల ప్రాథమిక కర్తవ్యములలో చేరినది. ఆకలిదప్పులు, భయము, అసౌకర్యము, నొప్పి రోగములు వీనినుండి విముక్తియు, స్వభావానుసారముగా మెలగు స్వేచ్ఛయు జంతువులకు కలవని 2014లో సుప్రీముకోర్టు పలికినది.

ఇన్ని యుండియు ఫలమేది? ఆ 1960 నాటి చట్టమున మొదటి తప్పునకు జుల్మానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకే. ఆనాడది కొంత మొత్తమే. ఆఱు దశాబ్దములు గడచినను మాఱని ఆ అంకె ఈనాడు ఒక పూట దాణా ఖరీదునకైనను చాలదు. గుఱ్ఱమును మాడ్చుట మేపుటకంటె చౌక యైనపుడు చట్టమునకు వెఱచువా డెవడు? జుల్మానాలు పెంచు ముసాయిదా యొకటి 2022లో ప్రజాభిప్రాయమునకు వెలువడినది. అట్టి సవరణకు పట్టుపట్టవలసిన బాధ్యత మన ప్రతినిధులది.

జుల్మానాకంటె పెద్ద లోపము మఱియొకటి కలదు. గుఱ్ఱమునకు లెక్క లేదు. 2025 మే నెల తొలినాళ్ళలో 57 గుఱ్ఱములు హైదరాబాదునుండి ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరమున నున్న జబల్పూరు ప్రాంతమునకు తరలింపబడినవి. మండుటెండల కాలము. కొలది దినములలోనే వానిలో ఎనిమిది మరణించినవి; అటుపిమ్మట ఇంకను కొన్ని మరణించినవి. వ్యవహారము మధ్యప్రదేశ్ హైకోర్టుకెక్కినది. దోషమెవరిదో నిర్ణయింపవలసినది న్యాయస్థానము. మేము తీర్పు చెప్పబోము. కాని మన నగరమును మేము అడుగదగిన ప్రశ్న యొకటున్నది. ఈ గుఱ్ఱములు మన నడుమనుండి బయలుదేరునపుడు, అవి యెవరివి, ఎట్టి స్థితిలో నున్నవి, ఎచ్చటికేగుచున్నవి, అచ్చట వానికి మేత పెట్టువా రెవరు అని విచారించిన వా రెందఱు? చనిపోయినపిదప లెక్కపెట్టుట సులభము. బ్రదికియుండగా లెక్కపెట్టుటయే ధర్మము.

గుఱ్ఱము పాతిక ముప్పది యేండ్లు బ్రదుకును. పందెములలో దాని పరుగు రెండు మూడేండ్ల ప్రాయమున మొదలై, సామాన్యముగా పదియేండ్లు నిండకమునుపే ముగియును. మిగిలిన ఆయుర్దాయమంతయు ఎచ్చట గడపవలెను? పందెపుగుఱ్ఱము చేతులు మాఱి స్వారీశాలకు, అచ్చటినుండి పెండ్లిబండికి, తుదకు రోడ్డునకు దిగజాఱుట వింతగాదు. ప్రతి మెట్టునను దాని వెల తగ్గును. వెలతో పాటు మేతయు తగ్గును. మౌలాలీలో మొదలై 1886లో మలక్‌పేటకు మాఱిన పందెములు నాటినుండి ఎందఱకో వినోదమును, కొందఱకు ధనమును ఇచ్చినవి. ఆ ధనమున కొంత భాగము పరుగు చాలించిన గుఱ్ఱముల శేషజీవితమునకు నిధిగా నేర్పడవలెననుట దానము కాదు, ఋణము తీర్చుట.

పేదవాని పొట్ట కొట్టుచున్నారని కొందఱు మమ్ము ఆక్షేపింపవచ్చును. పెండ్లిగుఱ్ఱముపై బ్రదుకు సాయిసు తన బిడ్డలకే కడుపునిండ పెట్టలేకున్నాడనుట మే మెఱుగుదుము. తాను పస్తుండి గుఱ్ఱమునకు ఉలవలు నానబెట్టు యజమానులును కలరు. వారికి మా నమస్కారము. లేమివేఱు, నిర్లక్ష్యము వేఱు. లేమికి సాయము చేయవలెను, నిర్లక్ష్యమును దండింపవలెను. ఈ రెంటిని కలగలిపి దయ పేర దోషిని విడుచుట, చట్టము పేర దీనుని పీడించుట, రెండును అన్యాయములే. పైగా పెక్కుమాఱులు దోషి పేదవాడు కాడు. ముచ్చటపడి గుఱ్ఱమును కొని, ముచ్చట తీరగనే నగరము వెలుపలి తోటలో కట్టివైచి, కాపరి చేతికప్పగించి మఱచు ధనవంతుడు ఏ లేమిని చూపి తప్పించుకొనగలడు?

మేము కోరునవి అసాధ్యములు కావు. నగరపాలక సంస్థయు, కంటోన్మెంటు బోర్డును తమ హద్దులలోని ప్రతి గుఱ్ఱమును యజమాని పేరుతో పట్టికకెక్కించి, చేతులు మాఱినపుడెల్ల ఆ మార్పును వ్రాసికొనవలెను. ఏటికి రెండు పర్యాయములు పశువైద్యుడు చూచి పనికి తగినదని చెప్పినదానినే అద్దెకు తిప్పనీయవలెను. రాజేంద్రనగరమున పశువైద్య కళాశాల యుండగా, నెలకొక దినము లష్కరులో గిట్టలకు, దంతములకు, టీకాలకు ఉచితశిబిరము నడపుట కష్టము కాదు. నశించుచున్న నాల్‌బందు వృత్తిని యువకులకు నేర్పవలెను. దానివలన గుఱ్ఱమునకు నడకయు మనుష్యునకు కూడును దొరకును. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాసు వంటి సంస్థలకు ప్రజలు విరాళములతో తోడ్పడవలెను. ఈ పట్టణమునకు ఇది క్రొత్త మార్గము కాదు. భాగ్యరెడ్డివర్మ వంటి సంస్కర్తలు నూఱేండ్ల క్రిందటనే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి తరఫున ఇచ్చట జీవకారుణ్యమును బోధించిరి. మనుష్యుని అస్పృశ్యతనుండి విడిపింపబూనిన ఆ మహనీయునికి మూగజీవుల పక్షమున పలుకుట వేఱు పనిగా తోచలేదు.

అన్నిటికంటె సులభమైన పని గృహస్థుల చేతిలో నున్నది. గుఱ్ఱమును కుదుర్చుకొనునపుడు బేరముతో పాటు దాని వీపును, గిట్టలను చూడుడు. పుండున్నచో, కుంటున్నచో వలదనుడు. దాని దరి టపాసులు కాల్పనీయకుడు. ఊరేగింపును గంటలో ముగించి, ముందుగా దానికి నీరు పెట్టింపుడు. పది కుటుంబములు ఇట్లు పట్టుదల చూపినచో, యజమాని తనంత తానే గుఱ్ఱమును బాగుచేసికొనును. పోలీసువారి అవసరమే కలుగదు.

అశ్వపతి, గజపతి, నరపతి యను బిరుదులు తెలుగుదేశమున ప్రసిద్ధములు. పతి యనగా ఏలువాడు మాత్రమే కాడు, పోషించువాడు, కాపాడువాడు కూడ. ఆ రెండవ అర్థము విడిచినవానికి మొదటిదానిపై హక్కు లేదు. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదని మన సామెత. పనికిరానిదానిపై వ్యయమును గూర్చి విసుగుతో పుట్టిన మాట యది. దానినే మనము ధర్మవాక్యముగా గ్రహింపవలెను. గ్రుడ్డిదైనను, కుంటిదైనను, ముసలిదైనను దాని దాణా మనము చెల్లింపవలసిన బాకీ. ఆ బాకీ తీర్పలేనివాడు గుఱ్ఱపు పగ్గము చేపట్టకుండుటయే మేలు. స్వరాజ్యము వచ్చినదని గర్వించు జాతికి, ఓటులేని ఈ ప్రజలును తన ప్రజలేయను స్పృహ కలుగుగాక.