సెమినార్ హాల్లో మన మట్టి గురించే మాట్లాడతారు, మనమే ఉండం

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో జరిగే సెమినార్లలో రైతులకీ నాలుగు కుర్చీలు వెయ్యాలి. శాలువా కప్పించుకోడానికి కాదు, ప్రశ్నలు అడగడానికి. ఎందుకో చెప్తాను, చదివి మీ అభిప్రాయం కూడా రాయండి.

అగ్రికల్చర్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసే పిల్లలకి సెమినార్ చదువులో భాగం. దానికి క్రెడిట్లు కూడా ఉంటాయి. ఒక కొత్త పరిశోధన తీసుకుని, దానిమీద వచ్చిన పేపర్లు చదివి, స్లైడ్లు వేసి చెప్పాలి. ప్రొఫెసర్లు, తోటి విద్యార్థులు విని ప్రశ్నలేస్తారు. మైక్రోబయాలజీ అయితే వేళ్ల చుట్టూ బతికే బాక్టీరియా, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా, ఎండు తెగులుని అడ్డుకునే ట్రైకోడెర్మా లాంటివి ఉంటాయి. అంతా మన చేను గురించే కదా!

రైజోబియం సంగతే చూడండి. వేరుశనగ మొక్క పీకితే వేళ్లకి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే బాక్టీరియాని 1888లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయరింక్ వేరుచేసి చూపించాడు. గాలిలో 78 శాతం నత్రజనే, కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ బాక్టీరియా దాన్ని మొక్కకి పనికొచ్చేలా మారుస్తుంది. ఇది తెలిసి 130 ఏళ్లు దాటింది. మరి మన దగ్గర చాలామంది రైజోబియం వాడి "ఏమీ తేడా లేదు" అని ఎందుకు వదిలేస్తున్నారు?

ఎందుకంటే ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణం. పొడి రకంలో గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెప్తుంది. కానీ మే నెల ఎండలో రేకుల కింద పడున్న ప్యాకెట్‌లో ఎన్ని మిగులుతాయి? పైగా సోయాకి పనికొచ్చే రకం వేరే, వేరుశనగకి వేరే. విత్తనశుద్ధిలో కూడా ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, చివర్లోనే రైజోబియం పట్టించాలి. అన్నీ ఒకేసారి కలిపేస్తే మందు దెబ్బకి బాక్టీరియా చస్తుంది.

సెమినార్లో "నిల్వ ఉష్ణోగ్రత" అనేది స్లైడ్ మీద ఒక లైన్. మనకి పెట్టుబడి అంతా ఆ లైన్ మీదే ఉంది. అక్కడ ఒక రైతు కూర్చుని, "అమ్మా, దుకాణంలో నెల రోజులున్నాక ఇందులో ఎంత బతికుందో ఎవరైనా చూశారా?" అని అడిగితే, ఆ అమ్మాయికి మంచి థీసిస్ అంశం దొరికినట్టే.

"కిసాన్ మేళాలు పెడుతున్నాం కదా" అంటారు. మంచిదే, నేనూ వెళ్తాను. కానీ మేళాలో తేలిపోయిన విషయాలే చెప్తారు. ఇంకా తేలనివి సెమినార్లో బయటపడతాయి. కుండీలో బాగా పనిచేసిన బాక్టీరియా పొలంలో తేలిపోతుంది. అక్కడ ముందునుంచీ ఉన్న సూక్ష్మజీవులతో పోటీపడి నిలబడాలి కదా. డబ్బు పెట్టే ముందు రైతు వినాల్సింది ఈ అనుమానాలనే.

వినకపోతే ఏమవుతుందో పత్తిలో చూశాం. బీటీ జన్యువు మట్టిలో దొరికే బాక్టీరియాదే. 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. విత్తనంతో పాటు గట్ల వెంట వెయ్యమని బీటీ కాని చిన్న ప్యాకెట్ ఇచ్చారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకడితే తట్టుకునే గుణం తొందరగా పాకదు. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పింది ఎంతమంది? చాలాచోట్ల ఆ ప్యాకెట్ గట్టు ఎక్కలేదు. గులాబీ రంగు పురుగు మళ్లీ రావడానికి అదొక్కటే కారణం అనను, కానీ అదీ ఒక కారణమే.

పరిశోధన ఇంగ్లిష్‌లో చెయ్యొద్దని నేననడం లేదు. ప్రపంచంతో మాట్లాడాలంటే అది కావాలి. నేను అడిగేవి మూడే. సెమినార్ల జాబితా ముందుగా తెలుగులో పెట్టండి. చివరి అరగంట తెలుగులో మాట్లాడండి. ప్రతి థీసిస్‌కీ రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చెయ్యండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

మన వంతు కూడా ఉంది. లాం అయినా, రాజేంద్రనగర్ అయినా, మీ దగ్గర్లోని కాలేజీ అయినా, వెళ్లి "ఈ నెల సెమినార్లు ఏమున్నాయి, మేం కూర్చోవచ్చా?" అని అడగండి. వాళ్లేమన్నారో కింద రాయండి. పదిమంది అడిగితే పట్టించుకోకపోవచ్చు, వందమంది అడిగితే కుర్చీలు వేస్తారు.