నలభై దాటి నేర్చిన విద్యకు వాయిదాల లెక్క

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత మన పల్లెల్లో తరచుగా వినిపిస్తుంది. నలభై దాటిన స్త్రీ ఏదైనా కొత్త పని నేర్చుకుంటానంటే ఇంటివారు అంటారు, ఇరుగుపొరుగువారు అంటారు. బ్యాంకులో మేము ఆ మాటను నోటితో అనము. దరఖాస్తు అంచున "వయసు దృష్ట్యా పునఃపరిశీలించవలెను" అని వ్రాస్తాము. ఫలితం మాత్రం ఒక్కటే.

అట్లా వ్రాసినవారిలో నేనూ ఒకడిని. నిజామాబాద్ జిల్లాలో క్షేత్రాధికారిగా పనిచేస్తుండగా, 2022లో నలభై మూడేళ్ల బీడీ కార్మికురాలు ఒకరు మా శాఖకు వచ్చారు. పని నేర్చుకుని బ్యూటీ పార్లర్ పెట్టుకుంటానని, అందుకు రుణం కావాలని అడిగారు. ఈ వయసులో కొత్త విద్య ఎందుకమ్మా, రెండు పాడి బర్రెలు కొనుక్కోండని నేను సలహా ఇచ్చాను. పాడికి రుణమివ్వడం మాకు అలవాటైన దారి. ఆమె నెమ్మదిగా, "బర్రెలకు గడ్డి కొయ్యాలన్నా నడుము వంగాలె గద సారూ. ఆ నడుము పోయిందనే గద బీడీలు బంద్ జేస్తున్న" అన్నారు. నా వద్ద సమాధానం లేకపోయింది. ఇరవై ఏళ్లకు పైగా చాట ఒడిలో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పొగాకు ధూళి పీలుస్తూ కూర్చున్న మనిషికి కొత్త వృత్తి సరదా కాదు. పాత వృత్తిని శరీరమే వద్దన్న తరువాత మిగిలిన దారి అది.

వయసు లెక్కలోకి రాదని నేను చెప్పడం లేదు. నలభై దాటితే చత్వారం వస్తుంది. దారంతో కనుబొమ్మలు తీర్చడానికి దగ్గరి చూపు నిక్కచ్చిగా ఉండాలి. కనుక పరికరాల జాబితాలో మొదటిది కళ్లజోడు. గంటల తరబడి నిలబడితే మోకాళ్లు, కాళ్ల నరాలు బాధిస్తాయి. ఎత్తు సరిచేసుకునే పీట ఒకటి అవసరం. వీటికి తగినంత బలమూ ఆ వయసులోనే ఉంది. నలుగు పెట్టడం, పూలజడ వేయడం, పెళ్లిచీర కట్టడం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. ఏ ఇంట్లో ఏ ఆచారమో ఆమెకు తెలుసు. పట్నపు పార్లర్‌లో చిన్నపిల్లల ముందు కూర్చోవడానికి సంకోచించే గృహిణులు తమ ఈడు మనిషి వద్దకు నిస్సంకోచంగా వస్తారు. కొత్తగా నేర్వవలసినవి శుభ్రత, చర్మం తీరు గుర్తించడం, రసాయనాల వాడకం, జుట్టు కత్తిరింపు, లెక్కలు వ్రాయడం.

వీటికి శిక్షణ మన దగ్గరే ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థలకు చెందిన ట్రస్టు, రెండు జాతీయ బ్యాంకులు కలిసి నెలకొల్పిన సంస్థ నమూనాపైనే ఈనాటి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. జిల్లాకొకటి చొప్పున బ్యాంకులే వీటిని నడుపుతున్నాయి. శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా ఉచితమే. బ్యూటీ పార్లర్ నిర్వహణ శిక్షణ సుమారు ఒక నెల ఉంటుంది. ఇవి మొదట 18 నుండి 45 ఏళ్ల వారి కోసమని ఆరంభమైనవి. అయినా 45 నిండాయని ఇంటివద్దే ఆగిపోవద్దు. కేంద్రానికి వెళ్లి అప్పటి నిబంధన ఏమిటో అడగండి. నా అభిప్రాయంలో చేతిపని నేర్పే చోట గరిష్ఠ వయసు అనే గీత అసలు ఉండకూడదు. గీయవలసిన గీత వేరు: శిక్షణ ముందు, రుణం తరువాత. రుణం చేతికొచ్చాక నేర్చుకుందామనుకున్నవారు మొదటి వాయిదా నాటికి ఇంకా నేర్చుకుంటూనే ఉంటారు.

ఇక రుణం సంగతి. 2015లో ప్రారంభమైన ముద్ర పథకంలో బ్యూటీ పార్లర్లకు చోటు ఉంది. శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు హామీ లేకుండా ఇస్తారు. గ్రామంలో ఆరంభానికి అంతకు మించి అవసరం లేదు. ఉదాహరణకు 50,000 రూపాయలను 11 శాతం వడ్డీపై 36 సమాన నెలసరి వాయిదాల్లో తీర్చాలంటే నెలకు సుమారు 1,640 రూపాయలు అవుతుంది. చూడడానికి చిన్న మొత్తమే. కష్టమంతా "సమాన" అన్న మాటలో ఉంది.

పల్లెలో ఈ వృత్తికి కనుబొమ్మలు, జుట్టు రంగు వంటి పనులు ఏడాది పొడవునా ఉంటాయి. కాని ఖర్చులు పోను నాలుగు డబ్బులు మిగిలేది పెళ్లిళ్లలోనే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే తీరిక ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే కుర్చీ ఖాళీ. మధ్యలో మూఢం వస్తే ఇంకా కష్టం. 2024లో ఏప్రిల్ చివరి నుండి మూఢం, దాని వెంటనే ఆషాఢం రావడంతో శ్రావణం దాకా దాదాపు మూడు నెలలు పెళ్లి ముహూర్తాలు లేవు. మా నిబంధన ప్రకారం 90 రోజులు దాటి బకాయి పడిన వాయిదా రుణం నిరర్థక ఆస్తి అవుతుంది. స్వల్పకాలిక పంటలకిచ్చిన రుణానికైతే రెండు పంట కాలాల గడువు ఉంది. వాన పడకపోతే రైతు తప్పు కాదని బ్యాంకు ఎరుగును. ముహూర్తం లేకపోతే ఆమె తప్పు కాదని ఇంకా నేర్చుకోలేదు.

నేను చెప్పిన సోదరి శిక్షణ పూర్తిచేసి 2023లో రుణం తీసుకున్నారు. 2024 ఎండాకాలం గడిచాక చూస్తే ఆమె ఖాతాలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు. నేను సంతోషించి అభినందించాను. అప్పుడు ఆమె చెవులు చూపించారు. కమ్మలు లేవు. వాటిని వడ్డీ వ్యాపారి దగ్గర కుదువపెట్టి మా వాయిదాలు కట్టారు. మా పుస్తకాల్లో ఖాతా సక్రమంగా ఉంది. ఆమె ఇంట్లో అప్పు పెరిగింది. ఆ సమాన వాయిదాల పట్టిక తయారుచేసింది నేనే. ముందుగా ఒక్కసారి పంచాంగం తిరగవేసి ఉంటే ఆ కమ్మలు ఆమె చెవులకే ఉండేవి.

కనుక తోటి అధికారులకు నా మనవి. పంట రుణానికి కోత కాలం చూసినట్లే ఈ రుణానికి ముహూర్తాల కాలం చూడండి. ఏడాదికి రావలసిన మొత్తం తగ్గించనక్కరలేదు. పెళ్లిళ్ల నెలల్లో ఎక్కువ, శూన్యమాసాల్లో తక్కువ ఉండేటట్లు వాయిదాలు అమర్చితే చాలు. మొదటి వాయిదాను దుకాణం తెరిచిన నెలకు కాక, మొదటి పెళ్లిళ్ల కాలం ముగిసేనాటికి పెట్టండి. రుణం అడిగే సోదరీమణులు కూడా దరఖాస్తుతో పాటు ఏ నెలలో ఎంత పని ఉంటుందో ఒక కాగితంపై వ్రాసి తీసుకురండి. పట్టికపై సంతకం చేసేముందు, "ఆషాఢంలో ఎంత కట్టాలి?" అని అడగండి. అడగడం మీ హక్కు.

సామగ్రి అమ్మే డీలర్లకూ ఒక మాట. రుణం మొత్తం మీ ఖాతాకు వస్తుంది కదా అని ఆవిరి యంత్రం, పెద్ద కుర్చీ, నిలువుటద్దం అన్నీ ఒకే కొటేషన్‌లో ఎక్కించవద్దు. దారపు రీలు, కత్తెరలు, తువ్వాళ్లు, ఒక మంచి కుర్చీతో మొదలైన దుకాణం నిలబడితే రెండో ఏట మళ్లీ మీ వద్దకే వస్తుంది. గడువు దాటిన సరుకు అంటగట్టవద్దు. చాలా జుట్టు రంగుల్లో పారాఫెనిలీన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది; అది కొందరికి పడదు. చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు చూశాకే తలకు వేయాలని అమ్మేటప్పుడే చెప్పండి. తెల్లబరుస్తాయంటూ స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఇవ్వవద్దు. చర్మానికి పూసే అనేక స్టెరాయిడ్ మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ప్రభుత్వం 2018లోనే నిర్దేశించింది. ఒక్క ముఖం పాడైతే ఆ ఊళ్లో ఆమె దుకాణం మూతపడుతుంది. మీ బాకీ, మా బాకీ రెండూ దానితోనే పోతాయి.

కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. అందులో ఏ విద్య ఏ వయసులో నేర్వాలో వారు చెప్పలేదు. నలభై మూడేళ్ల మనిషి పాతికేళ్ల శిక్షకురాలి ముందు కూర్చుని దారం పళ్ల మధ్య బిగించి పట్టడం నేర్చుకుంది. ఆమె వంగింది. ఇక వంగవలసినది మా వాయిదాల పట్టిక.