బర్రె సంగతి కూడా అడగండి

సంపాదకులకు,

గృహహింస మీద సదస్సు పెడితే పోలీసులు, వకీళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాల వాళ్లు వస్తారు. పశువుల డాక్టరును ఎవరూ పిలవరు. పిలవాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. చుట్టాలు కూడా అడుగుపెట్టడానికి జంకే ఇళ్లలో నేరుగా వెనక కొట్టం దాకా వెళ్లేది మా శాఖ వాళ్లే. తోక ఎముక విరిగిన బర్రె, నడుం మీద కట్టె దెబ్బలు తేలిన దూడ కనిపిస్తాయి. "గోడకు రాసుకుంది" అంటాడు యజమాని. అన్నిసార్లూ అబద్ధమనను. ఒక ఇంట్లో బర్రె పాలు తగ్గాయని పిలిచారు. పొదుగువాపు లేదు, జ్వరం లేదు, మేత బాగానే తింటోంది. మగమనిషి బయటికి పోయాక ఇల్లాలు మెల్లగా, "ఆయన కొట్టంలకొస్తే సేపదు సారూ" అంది. దూడను విడిచి ఆమె పిండుతుంటే ధార బాగానే పడింది. అతని దగ్గు వినబడగానే బర్రె ఎగజేపింది. బెదిరిన పశువు పాలు చేపదని మాకు పాఠంలోనే చెబుతారు. అది ఎవర్ని చూసి బెదిరిందో రాయడానికి మాత్రం రిజిస్టరులో గడి లేదు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో హింస భరించలేక ఆశ్రయ గృహానికి చేరిన 38 మంది స్త్రీలను ఫ్రాంక్ ఆసియోన్ అనే పరిశోధకుడు ప్రశ్నించాడు. పెంపుడు జంతువులున్నవారిలో 71 శాతం మంది, భర్తో సహచరుడో వాటిని గాయపరుస్తానని, చంపుతానని బెదిరించడమో, నిజంగానే గాయపరచడమో చంపడమో చేశాడన్నారు. 1998 నాటి చిన్న సర్వే, దేశమూ వేరు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దాదాపు 37 శాతం వివాహితలు భర్త హింస చవిచూసిన తెలంగాణలో ఇంట్లోని పశువునూ కొడుతున్నాడా అన్న ప్రశ్న అడగదగ్గదే.

మన పల్లెల్లో అది కుక్కపిల్ల గురించి కాదు, పాడిపశువు గురించి. బర్రె కోసం మహిళా సంఘంలో తీసుకున్న అప్పు ఇల్లాలి పేరు మీద ఉంటుంది, కిస్తీ కట్టేది పాల డబ్బుతో. హింసకు గురైన స్త్రీలను ఆదుకునే సఖి కేంద్రంలో ఆమెకు చోటు దొరుకుతుంది, బర్రెకు దొరకదు. రెండు రోజులు ఇల్లు విడిస్తే భర్త దాన్ని అంగట్లో అమ్మేస్తాడని భయం. అందుకే దెబ్బలు తింటూ అక్కడే ఉంటుంది. 2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద ఆస్తులు అమ్మకుండా భర్తను ఆపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. బర్రె ఆస్తి కాదా? ఫిర్యాదు రాసుకునేటప్పుడు "ఇంట్లో గొడ్డూగోదా ఉన్నాయా, ఎవరు చూసుకుంటున్నారు" అని రక్షణాధికారి అడిగితే తప్ప ఆ సంగతి కోర్టు దాకా పోదు.

పశువుకు జబ్బు చేస్తే 1962కు, ఆడమనిషికి ఆపద వస్తే 181కి ఫోన్ చేస్తాం. ఈ రెండు నంబర్ల వెనక ఉన్నవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయమే లేదు. ఇంట్లో హింస ఉందని అనుమానం వస్తే భర్త ఎదుట నిలదీయకుండా, 181 సంగతి ఇల్లాలి చెవిన వేయడం పశువైద్య సిబ్బందికి నేర్పాలి. నిలదీస్తే ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే. కేసు తేలేదాకా బర్రెను మరో సభ్యురాలి కొట్టంలో కట్టేయించి, మేత ఖర్చు భరించడం గ్రామ సంఘానికి పెద్ద పనేం కాదు.

జంతుహింస నివారణ చట్టంతోనే దారికి తెస్తామంటే నవ్వొస్తుంది. 1960 నాటి ఆ చట్టంలో మొదటిసారి కొట్టి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చంపినా, అవయవం పోగొట్టినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చర్నాకోల పట్టిన ప్రతి బండివాడూ ఇంట్లో భార్యను కొడతాడని నేననడం లేదు. మాంసం కోసం కోసేవాళ్ల మీదికీ, పశువులను సంతకు తోలేవాళ్ల మీదికీ దండెత్తే గుంపులకు ఈ పనిలో చోటు ఇవ్వకూడదు. పిల్లల్లోనూ ఈ సూచన కనిపించవచ్చు. కుక్కపిల్లకు రాయి కట్టి బావిలో వేసిన పిల్లవాణ్ని కొట్టి పంపేయకుండా, ఇంట్లో ఏం జరుగుతోందో టీచరు కనుక్కోవాలి.

దీనికి కొత్త జీవో అక్కర్లేదు. మండల సర్వసభ్య సమావేశానికి పశుసంవర్ధక, మహిళా సంక్షేమ శాఖల వాళ్లు ఎలాగూ వస్తారు. అది ముగిశాక ఒక అరగంట వాళ్లను కూర్చోబెట్టే పని ఎంపీడీవోలు చేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు,
నల్గొండ జిల్లా