ఆటో ఇంజను దించే షెడ్డు మన జిల్లాలోనే కావాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆటో యజమానులకు, మెకానిక్కులకు, ప్రజాప్రతినిధులకు:

2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. పథకం మంచిదే, మేం కాదనడం లేదు. దాని దెబ్బ ఆటోవాళ్ల మీద పడిందని ప్రభుత్వమే గుర్తించి, అక్టోబరు 4న ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరుతో ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. ఇప్పుడు బంకులో పోసే డబ్బు లెక్క చూడండి. లీటరుకు 30 కిలోమీటర్లిచ్చే పెట్రోలు ఆటో రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే, లీటరు 108 అనుకున్నా 360 రూపాయలు అయిపోతాయి. అదే ఆటో మోటారుతో, బ్యాటరీతో నడిస్తే, చార్జింగులో వృథా అయ్యేది కూడా కలుపుకుని పది యూనిట్లు చాలు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 70. రోజుకు 290 మిగులు, నెలకు పాతిక రోజులు నడిపితే 7,250. అంటే సర్కారు ఏడాదికి ఒకసారి ఇచ్చే సొమ్మును ఈ బండి ఇంచుమించు రెండు నెలల్లో సంపాదించి పెడుతుంది.

కొత్త ఎలక్ట్రిక్ ఆటో కొనుక్కోవచ్చు కదా అంటారు. దాని ధర మూడు లక్షల పైమాటే, ఫైనాన్సు వడ్డీ వేరే. మన స్టాండుల్లో ఉన్న ఆటోల్లో చాలావాటికి బోరుకొచ్చింది ఇంజనే తప్ప బాడీ కాదు. ఇంజను, ట్యాంకు, సైలెన్సరు దించేసి మోటారు, కంట్రోలరు, బ్యాటరీ ఎక్కించడానికి రెండు లక్షలైందనుకున్నా, పై లెక్కన రెండున్నరేళ్లలోపే తిరిగొస్తాయి. ఆమదాలవలస స్టేషను నుంచి శ్రీకాకుళం టౌనుకు తిరిగే షేర్ ఆటో లాంటివాటికి ఇది అతికినట్టు సరిపోతుంది: దూరం తక్కువ, దారి ఒక్కటే, మధ్యాహ్నం స్టాండులో బండి ఎలాగూ ఆగుతుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే ఇంటి స్కూటరుకైతే ఈ ఖర్చు దండగ. సముద్రపు గాలికి ఛాసిస్ తుప్పు పట్టిన బండికి కూడా వద్దు. ఎఫ్‌సీకి నిలవని బండికి బ్యాటరీ పెట్టినా అది ఎఫ్‌సీకి నిలవదు.

మరి చేతిపనొచ్చినవాడు ఇంటి పెరట్లోనే ఈ పని చేసుకుంటే తప్పేమిటి? వీడియో చూసి, ఆన్‌లైన్‌లో మోటారు తెప్పించి బిగించే నేర్పు మన కుర్రాళ్లకు లేకపోలేదు. కానీ ఆ బండి రోడ్డెక్కితే, అనుమతి లేని మార్పు చేసినందుకు మోటారు వాహనాల చట్టం కింద ఆర్నెల్ల వరకూ జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. అయితే అదే చట్టంలోని 52వ సెక్షన్ బ్యాటరీ, సౌరశక్తి పేర్లు ఎత్తి మరీ, షరతులకు లోబడి కిట్ బిగించి బండి మార్చుకోవచ్చంటోంది. తలుపు తెరిచే ఉంది, మన ఊరి నుంచి అక్కడికి దారే లేదు. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్‌ను, ఆ కిట్ కంపెనీ అధికారం ఇచ్చిన షాపులో బిగించాలి, తరవాత ఆర్సీలో ఇంధనం మార్పు రాయించాలి. హైదరాబాద్‌లో ఈట్రియో కంపెనీ పాత కార్లకు, రేస్ఎనర్జీ కంపెనీ ఆటోలకు ఇలాంటి మార్పిడి చేసి చూపించాయి. కాబట్టి మేం కొత్త చట్టం అడగడం లేదు.

నిప్పు భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. 2022 ఏప్రిల్‌లో ఒకే వారంలో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ ఏడాది చివర్నుంచే కేంద్రం బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించింది. ఈ ప్రమాదాలు నేర్పేది పరీక్షకు నిలవని బ్యాటరీని నమ్మొద్దని, పడుకునే గదిలో చార్జింగ్ పెట్టొద్దని. పెరట్లో సెల్ మీద సెల్ పేర్చి టేపు చుట్టే పనిని మేం వద్దంటున్నది అందుకే. ఆమోదం పొందిన కిట్‌లో, వేడికి ఎక్కువ తట్టుకునే ఎల్ఎఫ్‌పీ రకం సెల్లులతో, ఆ ముప్పు చాలా తగ్గుతుంది. ఇక తుపానుకు కరెంటు పోతే చార్జింగ్ ఎలా అన్న మాట. హుద్‌హుద్‌కూ తిత్లీకీ రోజుల తరబడి కరెంటు లేక అల్లాడిన ప్రాంతం మనది. అప్పుడు కరెంటు లేని బంకులో పంపు కూడా తిరగలేదని మరవొద్దు.

మేం అడిగేది రెండు జిల్లా కేంద్రాల్లో ఒక్కో మార్పిడి షెడ్డు. కిట్ కంపెనీలను పిలిచి ఒప్పించే పని జిల్లా యంత్రాంగానిది. రాజాం జీఎంఆర్ఐటీ, టెక్కలి ఆదిత్య, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విద్యాసంస్థల దగ్గర అధ్యాపకులూ ప్రయోగశాలలూ ఉన్నాయి. వాళ్లు మన మెకానిక్కులకు శిక్షణ ఇవ్వొచ్చు. వలసపోయి హైదరాబాద్ షెడ్లలో పని చేసే కుర్రాళ్లు కొందరైనా ఇక్కడే నిలబడతారు. నెలకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆ షెడ్డుకే వచ్చి బండ్లు చూసి, ఆర్సీ మార్పు అక్కడే నమోదు చేయాలి. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ రాయితీ కొత్త బండ్లకే ఉద్దేశించింది కాబట్టి, మార్పిడి అప్పుకు రాష్ట్రం వడ్డీ రాయితీ ఇవ్వాలి.

కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు స్టాండు తరఫున ఒక్కటే అర్జీ పట్టుకెళ్లండి. ప్రతి ఆటో మోడలు, కొన్న ఏడాది, రోజుకు తిరిగే దూరం, నెలకు పోసే పెట్రోలు అందులో రాయండి. ఏ మోడలు బండ్లు ఎన్ని ఉన్నాయో తేలితేనే ఏ కంపెనీ అయినా కిట్ పంపడానికి కదులుతుంది.