ఓరుగల్లులోనే ఒక వారం

దసరా సెలవులు దగ్గరపడగానే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఈసారి మనం ఎక్కడికి వెళ్తున్నాం?" పక్కింటివారు ఊటీ వెళ్తున్నారు. మేనమామ పిల్లలు కిందటేడు కాశ్మీరు నుంచి ఫోటోలు పంపారు. నెల జీతం మీదనో, చిన్న దుకాణం మీదనో ఆధారపడిన తండ్రికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అయిదుగురికి రానుపోను టికెట్లు, వారం రోజులు హోటల్ గది, మూడుపూటలా బయటి భోజనం లెక్క వేస్తే నెల సంపాదన చాలదు. కొందరు పిల్లల మాట కాదనలేక అప్పు చేస్తారు. విహారం వారంలో ముగుస్తుంది. వాయిదాలు మాత్రం మరుసటి దసరా దాకా వెంటాడతాయి. మరికొందరు "అవన్నీ మనకెందుకు" అని పిల్లల నోరు మూయించి, సెలవులను టీవీకీ సెల్‌ఫోన్‌కూ అప్పగిస్తారు.

ఖర్చు విషయంలో దుబారానూ పిసినారితనాన్నీ విడిచి, రెంటికీ నడుమ నిలిచేవారిని దివ్య ఖుర్ఆన్ ప్రశంసించింది. సెలవుల విషయంలోనూ అటువంటి నడిమి మార్గం ఒకటుంది. రాత్రికి సొంత ఇంట్లోనే పడుకుంటూ, పగలు చుట్టుపక్కల చూడదగినవాటిని ఒక పద్ధతి ప్రకారం చూసిరావడమే ఆ మార్గం. 2008 ప్రాంతంలో అమెరికాలో ఇంధనం ధరలు, ఆర్థిక మాంద్యం కలిసి మీదపడినప్పుడు అక్కడి కుటుంబాలు ఈ పద్ధతిని పాటించాయి. 'స్టేకేషన్' అనే మాట అప్పుడే బాగా వాడుకలోకి వచ్చింది. పేరు కొత్తదే కానీ, వరంగల్ వంటి ఊళ్లో ఉన్నవారికి దానికి కావలసిన సరంజామా ఎనిమిది వందల ఏళ్ల కిందటే సిద్ధమైంది. దేశదేశాల నుంచి యాత్రికులు డబ్బు ఖర్చు పెట్టుకుని వచ్చి చూసే చోట్లు మనకు ఆటో, బస్సు దూరంలో ఉన్నాయి. అయినా వాటిని ఒక్కసారైనా తీరిగ్గా చూడని పిల్లలు మన ఇళ్లలో ఎందరో!

మొదటి షరతు

ఇంటి దగ్గరి సెలవులకు ఒక ప్రమాదం ఉంది. ఊరు విడిచి వెళ్తే వంటగది మూతబడుతుంది. ఇంట్లోనే ఉంటే తండ్రికి, పిల్లలకు సెలవు దొరుకుతుంది కానీ తల్లికి పని రెట్టింపు అవుతుంది. తెల్లవారుజామున లేచి డబ్బాలు సర్దేది ఆమె, సాయంత్రం అలసి వచ్చాక పొయ్యి వెలిగించేది ఆమె, బురదైన బట్టలు ఉతికేదీ ఆమే. అలాంటి వారాన్ని కుటుంబం సెలవు అనడం న్యాయం కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో పాలు పంచుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేశారు. ఈ సంప్రదాయాన్ని ప్రసంగాల్లో వినడం మనకు అలవాటే. దాన్ని ఆచరణలో పెట్టడానికి ఈ వారం మంచి అవకాశం. కాబట్టి ప్రణాళిక రాసే కాగితం మీద మొదటి పంక్తిలోనే పనుల పంపకం రాయండి. ప్రయాణానికి ముందురోజు రాత్రి రొట్టెలకు పిండి కలపడం ఒకరిది, గుడ్లు ఉడికించడం ఒకరిది, నీళ్ల సీసాలు నింపడం చిన్నవాడిది. వారంలో కనీసం రెండు రోజులు తల్లి వంటగదిలో అడుగు పెట్టకూడదు. ఆ రోజుల్లో తండ్రీ పిల్లలూ కలిసి ఖిచిడీ, పచ్చడి చేసినా చాలు. ఉప్పు కాస్త ఎక్కువైనా ఆ భోజనాన్ని ఇల్లంతా చాలాకాలం గుర్తుంచుకుంటుంది.

డబ్బు లెక్క

హన్మకొండలో ఉండే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తల్లి, తండ్రి, దాదీ, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, బాలికలకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. రాష్ట్ర నివాసులమని తెలిపే గుర్తింపు కార్డు వెంట ఉంటే చాలు. అబ్బాయికి అర టికెట్టు. అంటే అయిదుగురి కుటుంబం ఒకటిన్నర టికెట్టుతో ప్రయాణం చేస్తుంది. బయటి ఊరి ప్రయాణంలో పెద్ద ఖర్చు సగానికి సగం ఇక్కడే తగ్గిపోయింది.

ఈ కుటుంబం వారానికి నాలుగు వేల రూపాయలు కేటాయించుకుందనుకుందాం. దాన్ని అయిదు కవర్లలో పెట్టాలి. బస్సు, ఆటోలకు 1,500. బయటి తిండికి 1,000. ప్రవేశ రుసుములకు, పడవ షికారుకు 500. అనుకోని అవసరాలకు 500. మిగిలిన 500 ప్రత్యేకం: బంధువుల్లోనో వీధిలోనో సెలవులకు ఎక్కడికీ వెళ్లలేని పిల్లవాడు ఒకడుంటాడు. తండ్రి లేని పిల్లవాడైతే మరీ మంచిది. ఒకరోజు వాడిని కూడా వెంట తీసుకెళ్లడానికి ఈ కవరు. ఒక కవరు ఖాళీ అయితే మరో కవరులో చేయి పెట్టకూడదన్నది నియమం. కవర్లను పదమూడేళ్ల అమ్మాయి చేతికి అప్పగించి, రోజూ రాత్రి లెక్క రాయించండి. ఇంటి రాబడి ఎంత, దాంట్లో కోరికలకు చోటెంత అన్నది ఆమెకు బోధించనక్కరలేకుండా అర్థమవుతుంది.

ఏం చూడాలి?

శనివారం ఖిలా వరంగల్‌తో మొదలుపెట్టవచ్చు. ఎండ ముదరకముందే చేరుకోవాలి. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకం. వీటిని దాటుకుంటూ వెళ్తుంటేనే ఒకనాటి రాజధాని ఎంత పకడ్బందీగా ఉండేదో పిల్లలకు తెలుస్తుంది. గణపతిదేవుడు చేపట్టిన కోట నిర్మాణాన్ని ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తిచేసింది. పదమూడవ శతాబ్దంలో ఒక మహిళ ఈ నేలను పాలించిందన్న సంగతి మన అమ్మాయిలకు అక్కడే నిలబడి చెప్పాలి. నాలుగు దిక్కులా నిలిచిన శిలాతోరణాలను చూపించి, ఇవి ఇంతకుముందు ఎక్కడ చూశారో అడగండి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు రూపొందించిన రాష్ట్ర చిహ్నంలో ఈ తోరణమూ చార్మినారూ ఒకేచోట ఉన్నాయని వారే కనిపెడితే ఆ ఆనందం వేరు.

తోరణాలకు కొద్ది దూరంలోనే ఖుష్ మహల్ ఉంది. వాలుగా లేచిన మందపాటి గోడలు, ఎత్తైన కమానులు గల ఈ సభామందిరాన్ని పదహారవ శతాబ్దపు ఆరంభంలో ఈ ప్రాంతాన్ని ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ప్రసిద్ధి. 1323లో ఢిల్లీ సేనలు కోటను జయించాక ఈ నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలవలేదు, పెట్టినవారి రాజ్యమూ నిలవలేదు. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానం చూడమని ఖుర్ఆన్ పదేపదే చెప్పడంలోని ఆంతర్యం ఇలాంటి చోట బోధపడుతుంది. పురావస్తు శాఖవారి టికెట్టున్న కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం.

ఆదివారం పూర్తిగా పిల్లలది. హంటర్ రోడ్డులోని కాకతీయ వన విజ్ఞాన కేంద్రంలో జంతువులను చూపించి, చెట్ల నీడన కూర్చుని ఇంటి నుంచి తెచ్చినది తిని, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

సోమవారం దూరప్రయాణం. పాలంపేటలోని రామప్ప దేవాలయం వరంగల్‌కు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లాలో ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయాన్ని 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. తెలంగాణకు దక్కిన మొదటి గుర్తింపు ఇదే. ఆలయాలకు మనమెందుకు అని సందేహించేవారు ఉండవచ్చు. మనం అక్కడికి వెళ్లేది ఈ నేలపై బతికిన మనుషుల పనితనాన్ని తెలుసుకోవడానికి. అక్కడ నేటికీ పూజలు జరుగుతున్నాయి గనుక చెప్పులు బయట విడిచి, గొంతు తగ్గించి, ఆరాధనకు వచ్చినవారికి అడ్డు రాకుండా చూసిరావడం మర్యాద. నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టి బరువు తగ్గించిన విధానం, ఇసుక నింపిన పునాదిపై అంత పెద్ద కట్టడాన్ని నిలిపిన తీరు, నల్లరాతిని అద్దంలా నునుపుదేల్చిన చేతుల నేర్పు చదువుకునే పిల్లలు తప్పక చూడవలసినవి.

గుడికి దగ్గరలోనే రామప్ప చెరువు ఉంది. గుట్టల మధ్య కట్ట వేసి వాననీటిని ఆపి పొలాలకు మళ్లించిన కాకతీయుల పద్ధతికి అది మంచి ఉదాహరణ. అదే రోజు లక్నవరం కూడా చూడాలనే ఆశ చాలామందికి ఉంటుంది. సొంత వాహనమో, రెండు కుటుంబాలు కలిసి మాట్లాడుకున్న కారో ఉంటే అది సాధ్యమే. బస్సుల్లో, ఆటోల్లో వెళ్లేవారు మాత్రం ఆ ఆశ వదులుకోవాలి. రెంటినీ పరుగులో చూసి ఒక్కటీ గుర్తులేకుండా పోవడం కన్నా ఒక్కటి నిదానంగా చూడటం మేలు. వేలాడే వంతెన కోసం పిల్లలు పట్టుబడితే రామప్పకు బదులు లక్నవరమే పెట్టుకోండి. బొగత జలపాతం ఇంకా దూరం. రోజంతా బస్సులోనే గడిచిపోతుంది గనుక ఈ వారంలో దాన్ని చేర్చకపోవడమే మంచిది.

మంగళవారం విశ్రాంతి. ఆ రోజు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. తల్లి వంటగదికి దూరంగా ఉండే మొదటి రోజు ఇదే. దాదీని కూర్చోబెట్టి పాతకాలపు వరంగల్ గురించి అడగండి. 1934లో మొదలైన ఆజం జాహీ మిల్లు సైరను విని గడియారం సరిచేసుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. నిజాం పెద్ద కుమారుని పేరు పెట్టుకున్న ఆ మిల్లు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టి మూతబడింది. ఆ ముచ్చట్లను పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించండి. పెద్దవారు వెళ్లిపోయాక అవి మరెక్కడా దొరకవు.

బుధవారం పాఖాల. నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. గణపతిదేవుని కాలంలో తవ్వించిన ఈ సరస్సు చుట్టూ అడవి ఉంది. వానలు వెనకబడుతున్న రోజుల్లో నిండుగా ఉంటుంది. అక్కడ చేయవలసిన పని ఏమీ లేదు. కట్టమీద నడవడం, పక్షులను చూడటం, ఊరకే కూర్చోవడం. నీళ్లలోకి దిగడానికి మాత్రం పిల్లలను ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతించవద్దు. పైకి నిశ్చలంగా కనిపించే చెరువులో లోతు ఎక్కడ మొదలవుతుందో ఈతగాడికి కూడా తెలియదు.

గురువారం ఉదయం కొత్తవాడ. వరంగల్ దుర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మనం ఇంట్లో పరిచి కూర్చునే దుర్రీ వెనక మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గంటల తరబడి కూర్చునే మనిషి ఉన్నాడని పిల్లలు కళ్లారా చూడాలి. నేతకారుల పనివేళ వృథా చేయకుండా, ముందుగా అనుమతి అడిగి వెళ్లండి. వీలైతే చిన్నదైనా ఒకటి కొనండి, బేరం ఆడవద్దు. సాయంత్రం చాలాకాలంగా కలవని బంధువుల ఇంటికి వెళ్లిరావచ్చు. సెలవుల్లో బంధుత్వాన్ని నిలబెట్టుకోవడానికి ఒక పూట కేటాయించడం పెద్ద పని కాదు.

శుక్రవారం జుమా. ఆ రోజు కూడా వంట తండ్రీ పిల్లలదే. మధ్యాహ్నం అందరూ కలిసి వారం లెక్క చూసుకోండి.

దారిలో గుర్తుంచుకోవలసినవి

ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరితే ఎండా తప్పుతుంది, రద్దీ తప్పుతుంది. చాప, నీళ్లు వెంట ఉంటే నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చు. రామప్ప, పాఖాల ప్రయాణాలు హనఫీ విద్వాంసుల్లో ప్రసిద్ధమైన సుమారు 77 కిలోమీటర్ల పరిమితిలోపే ఉన్నాయి గనుక ఖస్ర్ వర్తించదు, పూర్తిగానే చేయాలి. మగ్రిబ్‌కు ఇల్లు చేరేలా చివరి బస్సు వేళ ముందే కనుక్కోండి. దసరా ముందు వెనక రోజుల్లో బస్సులు కిక్కిరిసి ఉంటాయి. దాదీ వంటి పెద్దవారితో ఆ రెండు మూడు రోజులు దూరం వెళ్లకపోవడం మంచిది. మేడారం జాతర జరిగే ఏడాది ఆ రోజుల్లో ములుగు దారి పెట్టుకోవద్దు.

ఫోటోలకు ఒక హద్దు పెట్టండి. చోటుకు ఒక కుటుంబ చిత్రం చాలు. ఊటీ ఫోటోలకు పోటీగా రామప్ప ఫోటోలు పెట్టడం మొదలైతే, ఏ రోగం నుంచి తప్పించుకోవాలని ఇంటి దగ్గర ఉన్నామో అదే మళ్లీ పట్టుకుంటుంది.

సెలవులు ముగిశాక బడిలో ఉపాధ్యాయుడు "ఎక్కడికి వెళ్లారు?" అని అడిగితే మన పిల్లవాడు తల దించుకోకూడదు. రాష్ట్ర చిహ్నంలోని తోరణం కింద నిలబడ్డానని, తేలే ఇటుకల శిఖరాన్ని చూశానని, అబ్బాతో కలిసి ఖిచిడీ వండానని చెప్పగలగాలి. అవన్నీ నాలుగు వేలలోనే జరిగాయి, అందులో ఒక్క రూపాయి కూడా అప్పు తెచ్చింది కాదు. వచ్చే నెల జీతం వచ్చే నెల అవసరాలకే మిగిలి ఉంది.